సర్ప్లస్ బుల్లెట్ చవకే, కానీ సంచిలో ఉన్నది ఏమిటి?

సర్ప్లస్, అంటే సైన్యం దగ్గరో ఫ్యాక్టరీలోనో మిగిలిపోయి చవకగా అమ్మకానికి వచ్చిన, బుల్లెట్ల సంచి ఇంటికి రాగానే రీలోడింగ్ చేసేవాళ్లు ముందు వెతికేది త్రాసు. ఓ ఇరవై బుల్లెట్లు తూచి, అంకెలు దగ్గరగా ఉంటే మంచి సరుకు అంటారు, చెల్లాచెదురుగా ఉంటే మోసపోయామంటారు. బరువు కొలవడం తేలిక కాబట్టి దానికి లేని గొప్పతనం వచ్చి పడింది. నిజానికి అడగాల్సిన ప్రశ్నల్లో బరువు మూడోదో నాలుగోదో అవుతుంది. మొదటి ప్రశ్న వేరే ఉంది: ఈ సంచిలో ఉన్నదంతా ఒకే రకమా, ఆ రకం ఏది?

కొత్తవారి కోసం రెండు మాటలు. తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి కేస్, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల పౌడర్, మూతి దగ్గర బుల్లెట్. ఈ వ్యాసంలో బుల్లెట్ అంటే ఆ చివరి లోహపు ముక్క మాత్రమే. పేలిన కేస్‌ను సరిచేసి మిగతా మూడూ కొత్తవి పెట్టుకోవడమే రీలోడింగ్. ప్రైమర్, పౌడర్‌ల విషయంలో బేరాలాడటం ప్రమాదం, ఆదాకు అక్కడ పెద్ద చోటు కూడా లేదు. కేస్ ఎలాగూ మళ్లీ మళ్లీ పనికొస్తుంది. మిగిలింది బుల్లెట్. అమెరికాలో ఈ హాబీ పెద్దది, సైనిక సరుకు ప్రవాహమూ పెద్దది. అందుకే సర్ప్లస్ బుల్లెట్ల వ్యాపారం కూడా అక్కడే ఎక్కువగా నడుస్తుంది.

చవక సరుకు అన్నదాంట్లో కనీసం నాలుగు జాతులున్నాయి, వాటిని ఒకే గాటన కట్టేయడం వల్లే సగం గందరగోళం. ఫ్యాక్టరీ ఆర్డరుకు మించి తయారై మిగిలిపోయినవి ఒక రకం. వీటిని ఎవరూ ఎందులోనూ బిగించలేదు కాబట్టి కొత్తవాటితో సమానం. తనిఖీలో పక్కన పెట్టినవి, అంటే సెకండ్స్, ఇంకో రకం. పక్కన పెట్టింది రంగు మరకకా, కొలత తేడాకా అన్నదాని మీద వీటి విలువంతా ఆధారపడుతుంది, అది మాత్రం ప్యాకెట్ మీద రాయరు. మూడోది, అన్నిటికంటే ఎక్కువగా దొరికేది, పుల్డ్ బుల్లెట్లు. కాలం తీరిన సైనిక తూటాలను విడదీసినప్పుడు బయటికి పీకినవి ఇవి. నాలుగోది కలగాపులగం సంచి. వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు ఫ్యాక్టరీల్లో, కొన్నిసార్లు వేర్వేరు దేశాల్లో తయారైనవన్నీ ఒకే డబ్బాలో పోసి అమ్ముతారు. ఈ నాలుగోదాన్ని నేనైతే ఎంత చవకైనా కొనమని చెప్పను. ఎందుకో కింద తెలుస్తుంది.

సైనిక బుల్లెట్లు దాదాపు అన్నీ ఎఫ్‌ఎంజే (ఫుల్ మెటల్ జాకెట్) రకమే. మామూలుగా సీసంతో ఉండే లోపలి ముద్ద (కోర్) చుట్టూ, అడుగు తప్ప అంతటా, గట్టి లోహపు తొడుగు (జాకెట్) ఉంటుంది. 1899 నాటి హేగ్ ప్రకటన శరీరంలో విచ్చుకునే, చదునయ్యే బుల్లెట్లను యుద్ధంలో నిషేధించింది. దానివల్ల సర్ప్లస్‌కు వచ్చే సరుకు కూడా మూసిన మొన రకమే అయింది. తొడుగును మొన వైపు నుంచి చుట్టుకుంటూ వచ్చి అడుగున మడుస్తారు. కాబట్టి అడుగున సీసం బయటికి కనిపిస్తుంది. ఈ అడుగు సంగతి గుర్తుంచుకోండి, దానితో పని ఉంది. వేటకు మాత్రం ఇవి పనికిరావు, చాలా చోట్ల వేటలో వాటిపై నిషేధమే ఉంది. ఇవి కాగితపు టార్గెట్ల సరుకు.

రకం గుర్తుపట్టడానికి చాలామంది నమ్ముకునేది మొన మీది రంగు. ఇక్కడే అసలు చిక్కు. అమెరికా 5.56 తూటాలోని ఎం855 బుల్లెట్‌కు ఆకుపచ్చ మొన ఉంటుంది, దానర్థం సీసం ముందు ఒక ఉక్కు ముక్క ఉందని. సోవియట్ 7.62×39 తూటాలో అదే ఆకుపచ్చ మొన ఉంటే అది ట్రేసర్, అంటే వెనక మండే మందు నింపిన బుల్లెట్. వెండి రంగుదీ ఇదే కథ. అమెరికా 0.50 క్యాలిబర్‌లో అది కవచాన్ని చీల్చి నిప్పు పెట్టే రకానికి గుర్తు. సోవియట్ పాత 7.62×54ఆర్‌లో మామూలు మెత్తని ఉక్కు కోర్ బుల్లెట్‌కే వెండి రంగు వేసేవారు. అమెరికా పద్ధతిలో నలుపు కవచం చీల్చేదానికి, నారింజ లేదా ఎరుపు ట్రేసర్‌కు గుర్తు. ఏ దేశపు సరుకో తెలియకుండా రంగు చూసి ఏదీ తేల్చకూడదు. పీకిన తర్వాత సరుకును మెషీన్‌లో వేసి మెరుగు పెట్టి ఉంటే ఆ రంగు కూడా మిగలదు.

ట్రేసర్ అనుమానం వస్తే అడుగు చూడాలి. మామూలు ఎఫ్‌ఎంజేలో అడుగున నిండైన సీసం కనిపిస్తుంది. ట్రేసర్‌లో గొట్టంలా లోపలికి పోయిన అడుగు, అందులో బిగించిన మందు కనిపిస్తాయి. ఆ మందు సీసం కన్నా చాలా తేలిక కాబట్టి అదే బరువు రావాలంటే బుల్లెట్ పొడవు పెరగాలి. ట్రేసర్‌ను త్రాసు పట్టించలేకపోవచ్చు గానీ పొడవు కొలిచే కాలిపర్ పట్టిస్తుంది. ఎండిన గడ్డి ఉన్న చోట ట్రేసర్ పేల్చడమంటే చేతులారా నిప్పు పెట్టడమే. ఇలాంటివాటిని కోయడం, వేడి చేయడం, మెరుగు మెషీన్‌లో వేయడం, ఏదీ చేయకూడదు. గుర్తు తెలియని రంగు మొనకూ ఇదే నియమం.

తర్వాతి పరీక్ష అయస్కాంతం. ఇది చెప్పేది ఒక్కటే, లోపల ఎక్కడో ఉక్కు ఉందని. అది తొడుగులో ఉందా కోర్‌లో ఉందా అన్నది చెప్పదు. తూర్పు యూరప్ సరుకులో చాలావరకు తొడుగే మెత్తని ఉక్కు, పైన పలచగా రాగి పూత. చూడటానికి అచ్చం రాగి తొడుగులాగే ఉంటుంది. కోర్ సీసమే అయినా అయస్కాంతం అంటుకుంటుంది. తేల్చుకోవాలంటే రకం తెలిసిన మామూలు బుల్లెట్ ఒకటి తీసుకుని పొడవునా ఆకురాయితో అరగదీసి లోపల చూడటమే మార్గం. ఒక్క బుల్లెట్ పోతుంది, జాకెట్ మందం రెండు వైపులా సమానంగా ఉందో లేదో కూడా పనిలో పనిగా కంటపడుతుంది.

ఉక్కు గొడవ ఎందుకంటే మూడు కారణాలు. మొదటిది బ్యారెల్. ఉక్కు తొడుగు రాగి తొడుగు కన్నా వేగంగా బ్యారెల్ లోపలి మెలి గాడులను అరగదీస్తుంది. రెండోది నిప్పు. 2013లో అమెరికా అటవీ సేవ పరిశోధకులు రైఫిల్ బుల్లెట్లను ఉక్కు పలక మీదకు కాల్చి చూస్తే, ముక్కలైన లోహపు వేడికే కింది ఎండు చెత్త అంటుకుంది. ఉక్కు భాగాలున్నవీ, పూర్తి రాగివీ ఈ విషయంలో ముందున్నాయి. చాలా షూటింగ్ రేంజ్‌లలో గేటు దగ్గరే అయస్కాంతం పెట్టి చూస్తారంటే ఇదీ ఒక కారణం. మూడోది చట్టం. అమెరికా ఫెడరల్ చట్టంలో కవచం చీల్చే బుల్లెట్‌కు ఉన్న నిర్వచనం ప్రధానంగా హ్యాండ్‌గన్‌లో వాడగలిగే, ఉక్కు, టంగ్‌స్టన్ వంటి లోహాల కోర్ ఉన్న వాటి గురించి. ఎం855కు 1986లో మినహాయింపు ఇచ్చారు. 2015లో అక్కడ తుపాకుల చట్టాలను అమలుచేసే సంస్థ ఏటీఎఫ్ దాన్ని తీసేయాలని ప్రతిపాదిస్తే 80 వేలకు పైగా అభిప్రాయాలు వచ్చిపడి ప్రతిపాదన ఆగిపోయింది. సోవియట్ 5.45×39లో ఉక్కు కోర్ ఉన్న 7ఎన్6కు మాత్రం 2014లో దిగుమతి తలుపులు మూసేశారు. రాష్ట్రానికో నియమం, దేశానికో నియమం కూడా ఉన్నాయి. కొన్ని దేశాల్లో లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడమే నేరం. కొనేముందు తెలుసుకోవాల్సింది ఇది, కొన్నాక కాదు.

రకం తేలాక చూడాల్సింది వ్యాసం, అంటే బుల్లెట్ అడ్డు కొలత. పేర్లు ఇక్కడ బాగా మోసం చేస్తాయి. 7.62 నాటో బుల్లెట్ వ్యాసం 0.308 అంగుళాలు. 7.62×39ది మామూలుగా 0.310 లేదా 0.311. బ్రిటిష్ 0.303 అని పేరున్నదాని అసలు వ్యాసం 0.311 నుంచి 0.312. 5.56కు 0.224 కావాలి, సోవియట్ 5.45ది దాదాపు 0.221. అంగుళంలో మూడు వేల వంతుల తేడా కంటికి ఆనదు గానీ, బ్యారెల్ గాడులను సరిగా పట్టుకోని బుల్లెట్ టార్గెట్‌కు అడ్డంగా తగులుతుంది. తేడా రెండోవైపు ఉంటే అది గురి సమస్యగా ఆగదు, ప్రాణం మీదికి వస్తుంది. జర్మన్ 8 ఎంఎం మౌజర్‌కు 1888 నాటి బుల్లెట్ 0.318, 1905 నుంచి వచ్చింది 0.323. పాత ఇరుకు బ్యారెల్‌లో కొత్త లావు బుల్లెట్ తోస్తే పీడనం అదుపు తప్పుతుంది.

కాలిపర్‌తో ఈ పని కాదు. అది వేయో వంతు అంగుళం వరకే నమ్మదగ్గది, మనకు పదివేలో వంతు చూపే మైక్రోమీటర్ కావాలి. ఒక్కో బుల్లెట్‌ను ఒకసారి కొలిచి, పావు చుట్టు తిప్పి మళ్లీ కొలవండి. పుల్డ్ సరుకులో ఈ రెండో కొలతే కీలకం. పీకే మెషీన్ దవడలు గట్టిగా పట్టుకుంటే బుల్లెట్ నలిగి గుండ్రం తప్పుతుంది. మొన దగ్గర గీతలు పడితే పెద్ద నష్టం లేదు. కేస్ మూతిలో కూర్చునే నిలువు భాగం నలిగితే మాత్రం పక్కన పెట్టేయాల్సిందే. కొందరు డై అనే గట్టి అచ్చులోంచి తోసి మళ్లీ గుండ్రం చేస్తారు. అది వ్యాసాన్ని సరిచేస్తుంది గానీ లోపల కోర్‌కూ జాకెట్‌కూ మధ్య వదులైన పట్టును తిరిగి తేలేదు.

సైనిక తూటాల్లో నీరు చొరకుండా కేస్ మూతికి తారులాంటి నల్లటి సీలెంట్ పూస్తారు. పీకిన బుల్లెట్ మీద అది అట్టకట్టి ఉంటుంది. తుడవకుండా వాడితే ఒక్కో కేస్ ఒక్కో బిగువుతో పట్టుకుంటుంది, వేగంలో తేడాలు వస్తాయి. మినరల్ స్పిరిట్స్‌లో నానబెట్టి గుడ్డతో తుడిస్తే పోతుంది. అడుగున తెల్లటి పొడి కనిపిస్తే అది సీసం తుప్పు. చేతికి గ్లౌజులు వేసుకోండి, పొడి ఎగరకుండా తడిగుడ్డతో తుడవండి, తర్వాత చేతులు కడుక్కోండి. రాగి నల్లబడితే మాత్రం కంగారు పడే పనిలేదు, అది రంగు మార్పే. పాత సర్ప్లస్ అంటే బ్యారెల్ తుప్పు పట్టిస్తుందన్న భయం కూడా బుల్లెట్లకు వర్తించదు. ఆ తుప్పుకు కారణం పాత ప్రైమర్లలోని పొటాషియం క్లోరేట్ మిగిల్చే ఉప్పు. బుల్లెట్‌కు దానితో సంబంధం లేదు.

ఇప్పుడు బరువు. ఈ లోకంలో కొలత గ్రెయిన్లలో, ఒక పౌండుకు 7,000 గ్రెయిన్లు. 7.62 నాటో మామూలు బుల్లెట్ దాదాపు 147 గ్రెయిన్లు. సంచిలో ఒక శాతం తేడా, అంటే గ్రెయిన్నర, కనిపించిందనుకోండి. అదే పౌడర్‌కు ఒక శాతం బరువైన బుల్లెట్ సుమారు అర శాతం వేగం కోల్పోతుంది. సెకనుకు 840 మీటర్ల దగ్గర అది 4 మీటర్లు. 100 మీటర్ల దూరంలో దానివల్ల పడే పైకిందుల తేడా ఒక మిల్లీమీటర్ కూడా ఉండదు. 500 మీటర్ల దగ్గర కూడా కొన్ని సెంటీమీటర్లే. గంటల తరబడి కూర్చుని పదో వంతు గ్రెయిన్ చొప్పున బుల్లెట్లను వేరుచేసి పెట్టేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే బాగుంటుంది.

అసలు దెబ్బ తీసేది ఎంత బరువు ఉందన్నది కాదు, ఆ బరువు ఎక్కడ ఉందన్నది. జాకెట్ ఒకవైపు మందంగా, ఇంకోవైపు పలచగా ఉంటే బుల్లెట్ బరువు కేంద్రం నడిమి గీత మీద ఉండదు. బ్యారెల్‌లో ఉన్నంతసేపు ఆ కేంద్రం గీత చుట్టూ తిరుగుతుంది. మూతి దాటగానే తిరుగుతున్న దిక్కుకు పక్కకు విసిరేసినట్టు వెళ్లిపోతుంది. లెక్క తేలికే. కేంద్రం అంగుళంలో పదివేలవ వంతులు ఐదు, అంటే 0.0005 అంగుళం, పక్కకు ఉందనుకుందాం. బ్యారెల్ గాడుల మెలి 12 అంగుళాలకు ఒక చుట్టు. రెండు పై (2π)తో 0.0005ను గుణించి 12తో భాగిస్తే 0.00026 రేడియన్లు వస్తుంది. 100 మీటర్ల దగ్గర అది 26 మిల్లీమీటర్లు. ఏ దిక్కుకు పోతుందో ఒక్కో బుల్లెట్‌కు ఒక్కోలా ఉంటుంది కాబట్టి టార్గెట్ మీద తగిలిన చోట్ల గుంపు 5 సెంటీమీటర్ల దాకా విచ్చుకోవచ్చు. ఒక మిల్లీమీటర్ కూడా లేని బరువు తేడాకు పక్కన దీన్ని పెట్టి చూడండి. ఈ లోపం ఉన్న బుల్లెట్ త్రాసు మీద సరిగ్గా 147 చూపించగలదు.

అడుగు సంగతి కూడా ఇదే దారిలో వస్తుంది. బుల్లెట్ మూతి దాటే క్షణంలో వెనక గ్యాసు తోస్తూ ఉంటుంది. అడుగు ఒకవైపు చొట్టపడి ఉంటే గ్యాసు అటు ముందుగా తప్పించుకుని బుల్లెట్‌ను పక్కకు నెడుతుంది. ఫ్రాంక్లిన్ మన్ అనే అమెరికన్ వైద్యుడు కావాలనే బుల్లెట్లను పాడుచేసి కాల్చి చూసి 1909లో తన ప్రయోగాలు ప్రచురించాడు. మొన చెడితే పెద్దగా తేడా రాలేదు, అడుగు చెడితే గురి చెదిరింది. పోటీల కోసం చేసే మ్యాచ్ బుల్లెట్లలో జాకెట్‌ను అడుగు నుంచి పైకి కట్టి మొన దగ్గర సన్నని రంధ్రం వదిలేయడం వెనక ఉన్న తర్కం ఇదే. సైనిక ఎఫ్‌ఎంజే దీనికి సరిగ్గా తిరగేసిన తయారీ. కాబట్టి సర్ప్లస్‌ను ఏరాలంటే మెరిసే మొనలు చూడటం మానేసి సంచిని తిరగేసి అడుగులు చూడండి. మడత వంకరగా ఉన్నవి, సీసం ఉబ్బినవి, అంచు నలిగినవి తీసేస్తే పావుగంటలో త్రాసు చేయలేని పని అయిపోతుంది.

మరి త్రాసు అక్కర్లేదా? కావాలి, కానీ వేరే పనికి. ఒకే లాట్‌లో, అంటే ఒకే విడతలో, తయారైన బుల్లెట్ల బరువులు గీతల కాగితం మీద గుర్తు పెడితే ఒకే గుట్ట వస్తుంది. రెండు గుట్టలు కనిపిస్తే ఆ సంచిలో రెండు లాట్‌లో, రెండు రకాలో కలిసి ఉన్నాయి. ఆ గుట్టల ఎడమే నాకు కావాల్సిన సమాచారం, గుట్ట వెడల్పు కాదు. పొడవు కూడా ఇలాగే చూస్తే అనుమానం గట్టిపడుతుంది. ఎన్ని చూడాలన్నదానికి ఒక చిన్న లెక్క: పదిలో ఒకటి వేరే రకం ఉన్న సంచిలోంచి పది మాత్రమే తీసి చూస్తే, అది కంటపడకుండా పోయే అవకాశం 35 శాతం. ముప్పై చూస్తే 4 శాతానికి పడిపోతుంది. పైపొరలోంచి తీయకండి, కుదిపి అడుగు నుంచి కూడా తీయండి.

కలగాపులగం సంచి వద్దన్నది ఇందుకే. ఒకే లాట్‌లో ఉన్న లోపం అన్నిటికీ ఒకేలా ఉంటుంది. దాన్ని కనిపెట్టి, లోడ్ (పౌడర్ మోతాదు) దానికి తగ్గట్టు సర్దుకోవచ్చు. కలిసిపోయిన సరుకులో ఒక బుల్లెట్‌కు కుదిరిన లోడ్ పక్కదానికి కుదరదు, పైగా ఒక్కోసారి ప్రమాదం కూడా. ఒకే బరువున్న రెండు బుల్లెట్లలో ఒకదాని తొడుగు గట్టిదై, నిలువు భాగం పొడవుగా ఉంటే దాని పీడనం ఎక్కువ. అందుకే ప్రచురిత లోడ్ పుస్తకంలో అదే బరువు, అదే తరహా నిర్మాణం ఉన్న బుల్లెట్‌కు ఇచ్చిన డేటానే తీసుకోవాలి. సందేహం ఉంటే ఉక్కు రకాలను అసలు వాడకూడదు. ప్రారంభ లోడ్ నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి వెళ్లాలి, లాట్ మారితే మళ్లీ మొదటికి రావాలి. పీకిన తూటాలోంచి వచ్చిన పౌడర్‌ను చవకగా వస్తుందని మళ్లీ వాడటం గురించి ఒక్క మాట: వద్దు. అది ఏ పౌడరో బయట ఎవరికీ తెలియదు.

కేస్ మూతిని నొక్కి బిగించడానికి (క్రింప్‌కు) బుల్లెట్ మీద ఉన్న గాడి కూడా చూసుకోవాలి. పాత తూటాకు సరిపోయిన చోట ఉన్న ఆ గాడి మీ తూటా పొడవుకు సరిపోకపోవచ్చు. గాడి ఉంది కదా అని బుల్లెట్‌ను లోపలికి తోసేస్తే పౌడర్ ఉండే చోటు తగ్గి పీడనం పెరుగుతుంది. పొడవు పుస్తకం చెప్పినట్టే ఉంచి, గాడిని మర్చిపోవడం మేలు.

చివరి తీర్పు టార్గెట్ దగ్గరే. ఐదు రౌండ్ల ఒక్క గుంపు చూసి ఏదీ తేల్చలేం, అదృష్టానికి అందులో చాలా చోటు ఉంటుంది. పది రౌండ్ల గుంపులు రెండు మూడు కాల్చండి. అదే రోజు, అదే రైఫిల్‌తో, మీకు బాగా తెలిసిన మ్యాచ్ బుల్లెట్లు కూడా కాల్చండి. లేకపోతే గుంపు విచ్చుకున్నది బుల్లెట్ వల్లో, గాలి వల్లో, మీ చేతి వల్లో తెలియదు. మంచి రైఫిల్‌లో మ్యాచ్ బుల్లెట్ 100 మీటర్ల దగ్గర 3 సెంటీమీటర్ల లోపు గుంపు కడితే, సైనిక ఎఫ్‌ఎంజే 6 నుంచి 12 కట్టడం మామూలే. దానికి నిరుత్సాహపడాల్సిందేమీ లేదు. 200 మీటర్ల లోపు ఉక్కు పలకలు కొట్టడానికి, నిలబడి కాల్చే సాధనకు అది చాలు. మనిషి చేతి వణుకే అక్కడ బుల్లెట్ లోపం కన్నా పెద్దది.

ఇక ధర లెక్క. కొత్త బుల్లెట్ ధరలో 60 శాతానికే సర్ప్లస్ దొరికిందనుకోండి, అంటే 40 శాతం ఆదా. అందులో పావు వంతు ఏరి పారేస్తే, వాడుకున్న ఒక్కో బుల్లెట్‌కు పడింది కొత్తదాని ధరలో 80 శాతం. ఆదా సగానికి తగ్గిపోయింది. తుడవడానికి, కొలవడానికి పట్టిన సాయంత్రాలు ఈ లెక్కలో లేవు. తూటా మొత్తం ఖర్చులో ప్రైమర్, పౌడర్ వాటా ఏమీ మారలేదు కాబట్టి రౌండ్‌కు చూస్తే ఆదా ఇంకా పలచన. ఏరివేత పది శాతం లోపు ఉంటేనే నేను దాన్ని బేరం అంటాను.

అందుకే పెద్ద సంచికి ముందు చిన్నది కొనాలి. అయితే సర్ప్లస్‌లో ఒక తంటా ఉంది. పరీక్షలన్నీ పూర్తిచేసి తిరిగి వెళ్లేసరికి ఆ లాట్ అయిపోయి, అదే పేరుతో ఇంకో లాట్ అమ్మకంలో ఉంటుంది. చిన్న సంచి కొనేటప్పుడే లాట్ నంబర్ అడిగి రాసుకోండి, అదే లాట్‌లోంచి పెద్ద సంచి కొన్నాళ్లు పక్కన ఉంచుతారేమో కనుక్కోండి. లాట్ నంబర్ చెప్పలేనివాడి దగ్గర రెండోసారి కొనడమంటే పరీక్ష మొదటి నుంచి మళ్లీ చేయడమే.